‘తప్పని ఎవడు రాశాడే?’ అన్న బాబాయికి ఏం చెప్పాలి

ప్రశ్న: మాస్టారూ, మాది అమలాపురం దగ్గర ఒక పల్లెటూరు. పీజీ అయ్యాక హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఉండి సివిల్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. దాళ్వా (రెండో పంట వరి) రోజుల్లో ఇంటికి వచ్చాను. ఈసారి కాలువకి నీళ్ళు తక్కువని వంతులు పెట్టారు. మా వంతు కాని రాత్రి బాబాయి బోదెకి (చేలకి నీళ్ళు తెచ్చే పిల్లకాలువకి) అడ్డుకట్ట వేసి నీళ్ళు మా చేలోకి మళ్ళించాడు. కింద శివారున కౌలుకి చేసుకునే ఆయన చేను అప్పటికే నెర్రెలు తీసి ఉంది, నేను చూశాను. ‘తప్పు కదా బాబాయ్’ అంటే ‘అందరూ చేసేదే. అయినా తప్పని ఎవడు రాశాడే?’ అన్నాడు. మా రూమ్మేట్ కూడా ఇదే మాట ఇంకో రకంగా అంటుంది. తప్పొప్పులు లోకంలో ఎక్కడా లేవట, ఒక్కో సమాజం ఒక్కోటి కల్పించుకుందట. ఎథిక్స్ పేపర్ కోసం మోరల్ రియలిజం, యాంటీ రియలిజం చదువుతున్నకొద్దీ నాకూ అదే నిజమనిపిస్తోంది. అలాంటప్పుడు బాబాయిని తప్పుపట్టే హక్కు నాకెక్కడిది? ఇంకో సంగతి, నా కోచింగ్ ఫీజు కట్టింది బాబాయే.

జవాబు:

నీ ఉత్తరంలో ప్రశ్నలు రెండు ఉన్నాయమ్మా. బాబాయి చేసింది తప్పా కాదా అనేది ఒకటి. అసలు ‘తప్పు’ అనేదానికి లోకంలో ఏమైనా ఆధారం ఉందా అనేది రెండోది. రెండోది తేలితే తప్ప మొదటిదాని మీద నోరెత్తకూడదని నువ్వు అనుకుంటున్నావు. నీ చిక్కంతా అక్కడే ఉంది. రెండో ప్రశ్న సోక్రటీసు కాలం నుంచీ నలుగుతూనే ఉంది, ఇంకా తేలలేదు. శివారు చేనుకి అంత ఓపిక ఉండదు.

అంకెలు నిజంగా ఉన్నాయా, మనిషి కల్పించుకున్నవా అని తత్వవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. అది తేలలేదు కదా అని ఎకరాకి పదిహేను బస్తాల కౌలు పన్నెండు అయిపోదు. తప్పొప్పుల సంగతీ అంతే. ఏది తప్పు, ఏది ఒప్పు అని విచారించేది నార్మేటివ్ ఎథిక్స్. ‘తప్పు’ అన్నప్పుడు మనం నిజానికి ఏం చేస్తున్నాం, అది నిజమో అబద్ధమో అయ్యే మాటేనా అని విచారించేది మెటా ఎథిక్స్. మీ కోచింగ్ నోట్సులో రెండూ ఒకే పేజీలో పక్కపక్కన ఇచ్చి ఉంటారు. అందుకే కాబోలు, ఒకదాని జవాబు రెండోదానికి తాళంచెవి అనిపిస్తుంది.

ముందు బాబాయి మాట చూద్దాం. అదీ మీ రూమ్మేట్ మాటా ఒకటే అని రాశావు. కాదు. ‘అందరూ చేసేదే’ అన్నది తప్పొప్పుల మీద సిద్ధాంతమే కాదు, ఊళ్ళో ఏం జరుగుతోందో చెప్పే కబురు. కబురు నిజమే కావచ్చు. అయితే బాబాయిని ఒకటి అడుగు. అందరూ చేసేదే అయితే పగలే చేయొచ్చుగా? టార్చిలైటు పట్టుకుని అర్ధరాత్రి గట్టు మీద తిరగడం దేనికి? తెల్లారేసరికి ఆ అడ్డుకట్ట తీసేసి కూడా ఉంటాడు. చీకట్లో చేశాడంటే, చూసినవాళ్ళు ఏమంటారో ఆయనకి తెలుసన్నమాట.

కట్టుబాటు అనేది ఎలా నిలబడుతుందో ఇటలీలో పుట్టిన క్రిస్టినా బిక్కియేరి అనే తత్వవేత్త బాగా విడదీసి చూపించారు. సమాజపు కట్టుబాటు రెండు నమ్మకాల మీద నిలుస్తుందంటారామె. మిగతావాళ్ళు దాన్ని పాటిస్తున్నారన్నది ఒకటి. నేను కూడా పాటించాలని మిగతావాళ్ళు అనుకుంటున్నారన్నది రెండోది. రెండూ ఉన్నప్పుడే మనిషి తన లాభం కాస్త వదులుకుని అయినా కట్టుబాటుకి లోబడతాడు. మీ బోదె మీద మొదటి నమ్మకం చెడింది. పైవాళ్ళు రాత్రిళ్ళు మళ్ళించుకుంటున్నారని బాబాయికి గట్టి అనుమానం ఉండి ఉంటుంది. రెండోది మాత్రం చెక్కుచెదరలేదు. అందుకే టార్చిలైటు, అందుకే చీకటి. కాబట్టి ఊళ్ళో ఉన్న కట్టుబాటు ఇప్పటికీ వంతుదే. రాత్రి మళ్ళింపుది కాదు. ఎంతమంది చేసినా అది అలవాటే అవుతుంది.

మన డెల్టాలో ఈ సంగతి చిన్నపిల్లాడికి కూడా తెలుసు. 1847లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టించాడు. 1852కి అది పూర్తయింది. ఇప్పుడు ఆ బ్యారేజీ కింద పది లక్షల ఎకరాల పైచిలుకు ఆయకట్టు ఉంది. నీరు పల్లానికి పోతుంది కనుక ఎగువవాడు ఎప్పుడైనా ఆపగలడు, దిగువవాడు ఎప్పటికీ ఆపలేడు. సార్వాలో, అంటే వానాకాలం పంటప్పుడు, గోదావరి నిండుగా ఉంటుంది కాబట్టి ఎవరి బుద్ధీ బయటపడదు. దాళ్వాకి వచ్చేసరికి నది సన్నబడి, ఎగువన సీలేరు జలాశయాల నుంచి ఎంత వదులుతారా అని చూసుకుంటూ కూర్చుంటాం. అప్పుడు కాలువ చివరిదాకా నీళ్ళు వెళ్ళేది లాకుల వల్ల కొంత, కాలువ చూసుకునే లస్కరు వల్ల కొంత, మిగతాదంతా ఎగువవాడు చేయగలిగీ చేయకుండా ఆగడం వల్ల.

వంతు అనే ఒక్క మాటలోనే నీ సిలబస్ చాలావరకు ఉంది. సోమవారం మీది, గురువారం శివారు వాళ్ళది అన్నది ఒట్టి ఏర్పాటు. అటూఇటూ అయినా కొంపలేం మునగవు. మన దేశంలో రోడ్డుకి ఎడమవైపు నడుపుతాం, అమెరికాలో కుడివైపు. ఏదో ఒకటి అనుకుని అందరూ దానికి కట్టుబడితే చాలు. దాని మీద చట్టం ఇంకో పొర. బాబాయి ‘ఎవడు రాశాడు’ అన్నాడుగా, దానికి అక్షరాలా జవాబు కూడా ఉంది. 1997లో మన రాష్ట్రంలో రైతులే సాగునీటి వ్యవస్థలను నిర్వహించుకునేలా చట్టం వచ్చింది. దాని ప్రకారం నీటి సంఘాలు ఏర్పడ్డాయి, వంతుల పట్టిక తయారుచేయడం వాటి పని. కాబట్టి రాసే ఉంది. కానీ అలా చెప్పి గెలిచినా నీకు తృప్తిగా ఉండదు, ఎందుకంటే నువ్వు అడుగుతున్నది చట్టం గురించి కాదు. ఆ చట్టం రాకముందు, 1996లో, ఎవరైనా రాత్రి కట్ట వేసి ఉంటే? అప్పుడూ నీకు అది తప్పనే అనిపిస్తుంది. అంటే ఏర్పాటుకీ చట్టానికీ అడుగున ఇంకేదో ఉందని నీ మనసు అంటోంది. మాట అనుకున్నాక దొంగచాటుగా తప్పడం, నీ లాభం కోసం బలహీనుడి నోటి దగ్గర కూడు తీయడం, ఇవి ఏ పట్టిక ఉన్నా లేకున్నా తప్పని.

ఈ తేడా పెద్దచదువుల వల్ల వచ్చేది కాదు. ఎలియట్ టూరియల్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, ఆయన తోటివాళ్ళు చిన్నపిల్లల్ని అడిగి చూశారు. బడిలో ఫలానా నియమం టీచరే ఎత్తేస్తే అప్పుడు దాన్ని పాటించకపోయినా పరవాలేదా అంటే, పరవాలేదన్నారు పిల్లలు. పక్కవాణ్ణి కొట్టొచ్చని టీచరే చెబితే? అప్పుడు కూడా కొట్టడం తప్పే అన్నారు. బళ్ళో చేరని వయసు పిల్లలు కూడా ఈ రెంటినీ వేరుగానే చూశారు.

అయితే ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. 1987లో రిచర్డ్ ష్వెడర్, మనమోహన్ మహాపాత్ర, జోన్ మిల్లర్ ఒక అధ్యయనం అచ్చువేశారు. ఒడిశాలోని భువనేశ్వర్‌లోనూ, అమెరికాలోని షికాగోలోనూ మనుషుల్ని కొన్ని ఘటనలు చెప్పి అడిగారు. విధవరాలు వారంలో రెండు మూడు సార్లు చేపలు తినడం అందులో ఒకటి. షికాగోవాళ్ళకి అది అసలు ప్రశ్నే కాదు. భువనేశ్వర్‌లోని సంప్రదాయ కుటుంబాలవాళ్ళు మాత్రం అది ఊరి ఆచారమని అనలేదు, ఘోరమైన తప్పన్నారు. మన గోదావరి ఒడ్డున ఒక తరం వెనక్కి వెళ్ళి అడిగినా చాలా ఇళ్ళల్లో అదే జవాబు వచ్చేది. అంటే ‘ఇది ఒట్టి ఏర్పాటు కాదు, నిజంగా తప్పు’ అని మన మనసు గట్టిగా చెప్పినంత మాత్రాన అది తప్పయిపోదు. ఆచారం కూడా నీతి వేషం కట్టుకుని వస్తుంది. మీ రూమ్మేట్ మాటకి బలం ఇక్కడి నుంచే వస్తోంది, దాన్ని తేలిగ్గా తీసేయకు.

కానీ అదే ఉదాహరణని కాస్త తిప్పి చూడు. 1856లోనే విధవా పునర్వివాహ చట్టం వచ్చింది. అంటే చట్టం ఒప్పుకుంది. పాతికేళ్ళు గడిచినా మన దగ్గర సమాజం ఒప్పుకోలేదు. 1881 డిసెంబర్ 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు మొదటి వితంతు వివాహం చేయించాడు. ఊరు వెలివేసింది. ఇప్పుడు మీ రూమ్మేట్‌ని అడుగు. ఒప్పు అంటే సమాజం ఒప్పుకున్నది మాత్రమే అయితే, ఆ రోజున పంతులు చేసింది తప్పేనా? ఆ తర్వాత సమాజం మారాక అదే పని ఒప్పయిపోయిందా? పంతులు సమాజంతో ‘మీరు పొరబడుతున్నారు’ అన్నాడు. రూమ్మేట్ సిద్ధాంతం ప్రకారం సమాజం పొరబడటమనేదే కుదరదు, దాని మాటే కొలత కదా. సంస్కర్త అనేవాడు ఎప్పుడూ తప్పే చేస్తాడని, గెలిచాక మాత్రమే ఒప్పవుతాడని చెప్పాల్సి వస్తుంది. ఈ రకం వాదాన్ని సాపేక్షవాదం అంటారు. చదువుకున్న కుర్రాళ్ళకి ఇది ఉదారంగా కనిపిస్తుంది. నాకైతే ఇది పెత్తందార్లకి బాగా పనికొచ్చే సిద్ధాంతంలా కనిపిస్తుంది.

సాపేక్షవాదం ఓడిందని రియలిజం గెలిచిపోదు. రెండింటినీ సరిగ్గా చూడాలి.

మోరల్ రియలిజం, అంటే నైతిక వాస్తవవాదం, చెప్పేది ఇంతే. ‘కింది రైతు నీళ్ళు దొంగతనంగా మళ్ళించడం తప్పు’ అన్న మాట నిజమో అబద్ధమో అయ్యే మాట. ఇలాంటి మాటల్లో కొన్ని నిజం. అవి నిజం కావడం నా ఇష్టాయిష్టాల మీదా, నీ వాటి మీదా, ఊరి ఓటు మీదా ఆధారపడి ఉండదు. రేపు మీ ఊరంతా కూర్చుని శివారువాళ్ళకి నీళ్ళక్కర్లేదని తీర్మానం చేసినా వాళ్ళకి జరిగిన అన్యాయం అన్యాయంగానే ఉంటుంది. దీనికి దేవుడు ఉండి తీరాలన్న షరతు లేదు. ప్లేటో రాసిన ఒక సంభాషణలో సోక్రటీసు యూథిఫ్రో అనే ఆయన్ని ఇదే అడుగుతాడు. దేవతలకి ఇష్టం కాబట్టి అది పవిత్రమా, పవిత్రం కాబట్టి దేవతలకి ఇష్టమా అని. రెండోదే అయితే దేవతలు కూడా ఉన్నదాన్ని చూసి గుర్తించేవాళ్ళే, రాసినవాళ్ళు కారు.

మన దగ్గర మీమాంసకులు, అంటే వేదవాక్యాల అర్థాన్ని విచారించిన పండితులు, ఇంకా దూరం వెళ్ళారు. ధర్మం వేదవిధి వల్ల తెలుస్తుందన్నారు. ఆ వేదాన్ని ఎవరూ రాయలేదు, దేవుడు కూడా రాయలేదన్నారు. రాసినవాడు లేకపోవడం వాళ్ళ దృష్టిలో లోపం కాదు, దాని బలమే అది. రాసినవాడుంటే వాడు పొరబడి ఉండొచ్చు కదా! బాబాయి ‘ఎవడు రాశాడు’ అని గద్దించినప్పుడు, ఏ మీమాంసకుడైనా పక్కనుంటే ‘ఎవడూ రాయలేదు, అదే దాని గొప్ప’ అనేవాడు. వాళ్ళు ధర్మం కింద లెక్కవేసినవన్నీ మనం ఒప్పుకోనక్కర్లేదు. ఎవరో ఒకరు రాస్తేనే తప్పు తప్పవుతుందన్న ఊహ మాత్రం అంత తప్పనిసరి కాదు.

రియలిస్టుల్లో మళ్ళీ తెగలున్నాయి. మనుషుల సుఖదుఃఖాల వంటి మామూలు వాస్తవాల్లోంచే నీతి వాస్తవాలు వస్తాయనేవాళ్ళు కొందరు. 1903లో జి.ఇ. మూర్ అనే ఇంగ్లీషు తత్వవేత్త అలా కాదన్నాడు. మంచిని ఏ సుఖంతో సమానం చేసినా ‘ఆ సుఖం మంచిదేనా?’ అనే ప్రశ్న ఇంకా మిగిలే ఉంటుందన్నాడు. పరీక్షకి ఇంత చాలు.

రియలిజం మీద ఒక అపోహ ఉంది. అది ఒప్పుకుంటే ప్రతి నియమం ఎప్పుడైనా ఎక్కడైనా ఒకేలా వర్తించాలని. అక్కర్లేదు. ఆగస్టులో వరదొచ్చి చేలు మునిగితే అర్ధరాత్రి మురుగు కాలువ గట్టు కొట్టడం వేరు, ఫిబ్రవరిలో బోదెకి కట్ట వేయడం వేరు. రెండూ రాత్రిపూట గునపంతో చేసే పనులే. పరిస్థితి మారితే జవాబు మారుతుంది. కానీ ఆ పరిస్థితిలో సరైన జవాబు ఒకటి ఉందనేదే రియలిస్టు మాట.

ఇక యాంటీ రియలిజం. ఇది ఒకే సిద్ధాంతం అనుకోకు. రియలిజాన్ని కాదనేవాళ్ళందరూ ఒకే కారణంతో కాదనరు. ఎ.జె. ఎయర్ అనే ఇంగ్లీషు తత్వవేత్త 1936లో, పాతికేళ్ళ వయసులో, ఒక దుడుకు మాట అన్నాడు. ‘నువ్వు డబ్బు దొంగిలించడం తప్పు’ అంటే, ‘నువ్వు డబ్బు దొంగిలించావు’ అన్న మాటనే ఒక రకమైన ఈసడింపు గొంతుతో అనడం తప్ప అదనంగా చెప్పిందేమీ లేదని. అంటే ‘తప్పు’ అనేది వార్త కాదు, ఛీ అనడం. వినగానే తెలివిగా ఉంటుంది. పీటర్ గీచ్ అనే మరో తత్వవేత్త 1965లో దీన్ని గట్టి చిక్కులో పెట్టాడు. మీ ఇంటి సంగతే తీసుకో: ‘నీళ్ళు మళ్ళించడం తప్పయితే, పాలేరు చేత మళ్ళించడం కూడా తప్పే’. ఈ వాక్యం అన్నవాడు ఎవరినీ ఈసడించడం లేదు, ‘అయితే’ అంటున్నాడు. అయినా దానికి అర్థం ఉంది. దానికి ‘నీళ్ళు మళ్ళించడం తప్పు’ అని చేరిస్తే పాలేరు సంగతి తర్కప్రకారం తేలిపోతుంది కూడా. ఉత్త ఛీ నుంచి తర్కం ఎలా పుడుతుంది? ఎయర్ దారిలో నడిచిన తర్వాతివాళ్ళు దీనికి జవాబులు వెతుకుతూనే ఉన్నారు.

జె.ఎల్. మాకీ దారి వేరు. ఆస్ట్రేలియాలో పుట్టిన ఈయన 1977లో, ‘తప్పు’ అని అన్నప్పుడు మనం నిజంగానే ఒక వాస్తవాన్ని చెప్పబోతున్నాం, కాకపోతే అలాంటి వాస్తవమేదీ లోకంలో లేదు, కాబట్టి ఆ మాటలన్నీ పొరపాట్లే అన్నాడు. కారణాలు ముఖ్యంగా రెండు చెప్పాడు. దేశదేశానికీ నీతులు ఇంతలా మారడం ఒకటి. చూసిన మాత్రాన ‘ఇలా చెయ్యి’ అని మనిషిని పట్టి లాగే వాస్తవాలు మిగతా ప్రపంచంలో దేనికీ పోలిక లేనంత వింతగా ఉంటాయన్నది రెండోది. మీ రూమ్మేట్‌కి బాగా నచ్చే మనిషి. కానీ ఒక సంగతి ఆమెకి చెప్పు. ఆ పుస్తకం అక్కడితో అయిపోదు. విలువలు లోకంలో దొరకవని చెప్పాక, మనుషులు కలిసి బతకడానికి ఎలాంటి నీతి కట్టుకోవాలో మిగతా పుస్తకంలో రాశాడు మాకీ. విలువల స్థితి ఏమిటన్నది ఒక ప్రశ్న, ఏం చేయాలన్నది ఇంకో ప్రశ్న అని ఆయనే విడదీశాడు. అంతటి యాంటీ రియలిస్టు కూడా ‘కాబట్టి ఇష్టమొచ్చినట్టు బోదెలు కట్టుకోండి’ అనలేదు.

రియలిస్టులకీ యాంటీ రియలిస్టులకీ మధ్య ఇంకో దారి ఉంది. నీతిని మనమే కట్టుకుంటాం కానీ ఇష్టమొచ్చినట్టు కట్టలేం అనేవాళ్ళది. నాకు బాగా పనికొచ్చినది 1998లో టి.ఎం. స్కాన్లన్ అనే అమెరికన్ తత్వవేత్త ఇచ్చిన పరీక్ష. ఒక పనిని అనుమతించే నియమాన్ని ఎవరైనా న్యాయంగా కాదనగలిగితే ఆ పని తప్పు అంటాడాయన. ‘నీళ్ళు తక్కువైనప్పుడు ఎగువవాడు తన వంతు కాని రోజు కూడా మళ్ళించుకోవచ్చు’ అన్న నియమం పెట్టి చూడు. శివారు కౌలురైతు దాన్ని కాదంటాడు, ఆయన కాదనడంలో అన్యాయం ఏమీ లేదు. దీనికి ఆకాశంలో ఏ నైతిక పదార్థమూ అక్కర్లేదు, శివారు రైతు ముఖం చూడగలిగితే చాలు.

మీ పేపరు సంగతి మధ్యలో ఒక మాట. 2013 నుంచి సివిల్స్‌లో నాలుగో జనరల్ స్టడీస్ పేపరు ఎథిక్స్, 250 మార్కులు. అందులో కేస్ స్టడీ వచ్చినప్పుడు ‘నీతి అనేది వ్యక్తిని బట్టి మారుతుంది’ అని రాసి తప్పించుకునేవాళ్ళు చాలామంది. అది జవాబు కాదు, ఎవరికి ఏ నష్టం జరుగుతోందో చూడకుండా తల తిప్పుకోవడం.

తత్వవేత్తలు ఎటున్నారో తెలుసుకోవాలని నీకు ఉంటుంది. 2020లో ఫిల్‌పేపర్స్ అనే తత్వశాస్త్ర వెబ్‌సైటు వాళ్ళు తత్వవేత్తల్ని అడిగి చేసిన సర్వేలో రియలిజం వైపు ఉన్నవాళ్ళు, మొగ్గినవాళ్ళు కలిపి సుమారు 62 శాతం, యాంటీ రియలిజం వైపు 26 శాతం. ఓట్లతో నిజం తేలదని పైన నేనే అన్నాను కాబట్టి దీన్ని సాక్ష్యంగా వాడుకోను. ‘ఇప్పుడు చదువుకున్నవాళ్ళెవరూ తప్పొప్పులు నిజమని నమ్మరు’ అని మీ రూమ్మేట్ అంటే మాత్రం ఈ అంకె చూపించు.

నా మొగ్గు కూడా రియలిజం వైపే. మీ రూమ్మేట్ వేయగల గట్టి దెబ్బ ఒకటుంది. షారన్ స్ట్రీట్ అనే అమెరికన్ తత్వవేత్త 2006లో వేసినది. మన నీతి భావాలు పరిణామక్రమంలో బతికి బట్టకట్టడానికి పనికొచ్చి పెరిగాయి, నిజాన్ని పట్టుకోవడానికి కాదు. అలాంటప్పుడు అవి ఏదో స్వతంత్రమైన నైతిక సత్యంతో సరిపోతాయని నమ్మడానికి కారణం ఏమిటి? దీనికి సుళువైన జవాబు లేదు. కానీ ‘ఈ సాక్ష్యం చూశాక నువ్వు రియలిజం వదులుకోవాలి’ అని ఆమె నాతో అన్నప్పుడు, ఆ ‘వదులుకోవాలి’ ఎక్కడి నుంచి వచ్చింది? సాక్ష్యానికి తగ్గట్టు నమ్మాలన్నది కూడా ఒక ‘చేయాలి’యే కదా. ‘చేయాలి’లన్నీ కల్పనలైతే ఇదీ కల్పనే, నన్నేమీ చేయలేదు. ఇది కల్పన కాదంటే, కల్పన కాని ‘చేయాలి’ ఒకటైనా ఉన్నట్టే. అప్పుడు మాకీకి వింతగా కనిపించినది మరీ అంత వింత కాదు. దీంతో వాదన ముగిసిపోదు, నాకు మొగ్గడానికి సరిపోతుంది.

సరే, బాబాయి దగ్గరికి వద్దాం. ఆయన దగ్గర ఇవేవీ ఎత్తకు. ఆయన పైకి అనని అసలు మాట ఇంకోటి ఉందని నా అనుమానం. ‘పైవాళ్ళందరూ మళ్ళించుకుంటుంటే నేనొక్కణ్ణే మడి కట్టుకుని కూర్చోవాలా?’ అన్నది. దీన్ని తేలిగ్గా తీసేయలేం. మిగతావాళ్ళు తప్పుతున్న మాటని ఒక్కడే నిలబెట్టుకుని నష్టపోవాలనడం చాలా ఎక్కువ అడగడమే. ఆయన పైవాడి మీద తిరగబడి ఉంటే నేను సగం సమర్థించేవాణ్ణి. కానీ ఆయన చేసిందేమిటి? పైవాడు తీసుకున్నదాన్ని కిందవాడి దగ్గర వసూలు చేశాడు. కిందవాడు కౌలురైతు. పంట పోయినా చాలాచోట్ల కౌలు బస్తాలు కొలవాల్సిందే. బాబాయిది అలా కాదు, ఒక తడి తప్పితే దిగుబడి తగ్గుతుంది, అంతే.

ఎవరూ లేనప్పుడు, అరుగు మీద కూర్చుని ఉన్నప్పుడు అడుగు. ‘మన వంతు రాత్రి ఎవరైనా కట్ట వేస్తే ఏమంటావు బాబాయ్?’ అని. ఏమంటాడో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట పత్రికలో రాయలేను. ‘అందరూ చేసేదే’ అని మాత్రం అనడు. డేవిడ్ హ్యూమ్ అనే స్కాట్లాండ్ తత్వవేత్త 1740 నాటికే చెప్పాడు, ‘ఉంది’ అన్న మాటల్లోంచి ‘ఉండాలి’ అన్నది దానంతటది రాదని. అందరూ చేస్తున్నారు అన్నది ‘ఉంది’. దాని మీద ఏదైనా నిలబెట్టాలంటే, ‘అందరూ చేసేది నేనూ చేయొచ్చు’ అన్న ఇంకో మాట కలపాలి. తన వంతు పోయిన రాత్రి ఆ మాట బాబాయే ఒప్పుకోడు.

ఫీజు సంగతి నిన్ను ఎక్కువ బాధిస్తోందని తెలుస్తూనే ఉంది. తప్పొప్పులన్నీ ఒట్టి కల్పనలే అని నువ్వు నిజంగా నమ్మితే, బాబాయికి నువ్వు రుణపడి ఉండటం కూడా కల్పనే. ఆ రుణం మాత్రం నీకు కల్పనలా అనిపించడం లేదు. దాన్ని అంత నిజంగా తీసుకున్నదానివి శివారు రైతు పట్ల ఉన్నదాన్ని మాత్రం సిద్ధాంతం పేరు చెప్పి ఎలా కొట్టేస్తావు? బాబాయి చేసిన మేలు వల్ల నువ్వు ఏ గొంతుతో మాట్లాడాలో, ఎవరి ముందు మాట్లాడకూడదో మారుతుంది. ఆయన నీ ఫీజు కట్టాడు కాబట్టి ఆ రాత్రి చేసింది ఒప్పయిపోదు.

ఒట్టి ‘తప్పు’ అని వదిలేయకు, ఒక దారి చూపించు. ఆ రాత్రి ఎన్ని గంటలు మళ్ళించాడో అన్ని గంటలు మీ వచ్చే వంతులోంచి శివారుకి వదలమను. రెండోది, పై చేలవాళ్ళతో మాట్లాడి వంతు రాత్రుల్లో ఎగువ నుంచి ఒకరు, దిగువ నుంచి ఒకరు కలిసి బోదె మీద కాపలా ఉండేలా చూడమను. లస్కరు ఒక్కడి వల్ల అది కాదు. బాబాయి లాంటి నలుగురు పెద్దమనుషులు అడిగితే ఊళ్ళో కాదనేవాళ్ళుండరు. పైవాళ్ళు ఆగుతున్నారని కళ్ళతో చూస్తే ఆయనా ఆగుతాడనే నా నమ్మకం. రాత్రిపూట గట్టు మీద తిరగడం ఆయనకి మాత్రం సరదానా?

ఒప్పుకోకపోతే? మొదటిసారికే నీటి సంఘానికి వెళ్ళి చెప్పమని నేననను. సొంత బాబాయి మీద అంత తొందర అక్కర్లేదు. కానీ ‘మా నీళ్ళు ఎటు పోయాయమ్మా, నువ్వేమైనా చూశావా?’ అని ఆ కౌలురైతు నిన్నే అడిగితే అబద్ధం చెప్పకు. ఈ సంగతి బాబాయికి ముందే చెప్పు, బెదిరింపులా కాకుండా.

వరి పొట్ట మీద ఉంటే శివారు ఆయనకి వారం పది రోజులకంటే వ్యవధి లేదు. ఈ జవాబు అచ్చయ్యేదాకా ఆగి ఉండవనే అనుకుంటున్నాను. ఆగి ఉంటే, ఈ పేజీ పక్కన పెట్టి ముందు అరుగు మీదికి వెళ్ళు.